కాలువ మీద మట్టి

మొదటి లారీ మట్టి మా మేనత్త కాళ్ళ మీద పడింది. నేను కళ్ళారా చూశాను. మా ఇంటి వెనక గుమ్మంలో నిలబడి, పళ్ళు తోముకుంటూ చూశాను.

అత్త ఆస్పత్రిలో ఆయా. వీధి మొత్తానికి ఆయమ్మ. ఆ పొద్దున డ్యూటీ దిగి, వెనక బీడు మీదుగా అడ్డదారిన ఇంటికి వస్తోంది. బీడుకీ మా ఇళ్ళకీ మధ్య వాన కాలువ ఉంది. దాని గట్టు మీదకి లారీ ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది.

"ఏయ్, ఆపు! అది కాలువ. కనపడటం లేదా?" అంటూ అత్త లారీకీ కాలువకీ మధ్యకి వెళ్ళి నిలబడింది.

డ్రైవరు తల బయటపెట్టి చూసి చేతులు కట్టుకున్నాడు. లారీ పక్కన సైటు మేనేజరు ఉన్నాడు. నలగని చొక్కా, తెల్ల హెల్మెట్టు, చంకలో చుట్టిన ప్లాను. మనిషి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. తర్వాత్తర్వాత మేమంతా ఆయన్ని నవ్వుల సారు అనే పిలిచాం.

"అమ్మా, పక్కకి తప్పుకోండి. ఇది కంపెనీ స్థలం," అన్నాడు.

"స్థలం కంపెనీదైతే అవనీ. ఎనిమిది వీధుల నీళ్ళు ఇందులోంచి పోవాలి. అవి ఎక్కడికి పోతాయి?"

"నీళ్ళకి వేరే ఏర్పాటు చేస్తున్నాం కదమ్మా."

"చేశాక పొయ్యి మట్టి."

ఆయన నవ్వు ఆపకుండానే డ్రైవరు వైపు చూసి రెండు వేళ్ళు ఆడించాడు. లారీ డబ్బా పైకి లేచింది. మట్టి జారింది. అత్త వెనక్కి జరగబోయేసరికి మోకాళ్ళ దాకా కూరుకుపోయింది. చేతిలో సంచి ఎటో పడింది. ఆమె ఒక కాలు పీక్కుంది. రెండోది రాలేదు. కూర్చుని, రెండు చేతులా మట్టి తోడుకుని, చెప్పు అందులోనే వదిలేసి లేచింది.

మా వరసలో పదకొండు గుమ్మాల్లో మనుషులున్నారు. ఎవ్వరం కదల్లేదు.

ఆమె ఒంటి చెప్పుతో నడుచుకుంటూ నా ముందుకొచ్చి నిలబడింది.

"నోట్లో బ్రష్షుంది కాబట్టి మాట్లాడలేకపోయావు. కాళ్ళకేమైందిరా?"

నేను బైండరుని. ప్రెస్సులో ఇరవై ఏళ్ళుగా ఎవరెవరో రాసినవి కుట్టి అట్టలేస్తున్నాను. రాయడం నా పని కాదు. కానీ మొన్న కాలేజీ పిల్లలు కొందరు వచ్చి, మీ పోరాటం ఎలా మొదలైందన్నా అని అడిగారు. ధైర్యంతో మొదలైందని చెప్తే బావుండేది. సిగ్గుతో మొదలైంది. పనిచేసుకు బతికేవాళ్ళు ఎవరు చదివినా ఆ సంగతి ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆ బీడులో రానున్నవి నాలుగు టవర్లు. ఒక్కోటీ ఇరవై రెండు అంతస్తులు. ఆరువందల ఫ్లాట్లు. కరెంటు స్తంభానికి అంటించిన చేతి రుమాలంత నోటీసులో ఈ ముక్క ఉంది. మా వీధి వెడల్పు పన్నెండడుగులు. అంబులెన్సు లోపలికి వస్తే వెనక్కి నడుపుకుంటూ పోవాల్సిందే. కుళాయి రోజు విడిచి రోజు, గంటసేపు వస్తుంది. చివరి ఇళ్ళకి ఆ గంటలో రెండు బిందెలు నిండితే గొప్ప. ఇక ఆరువందల కాపురాలు ఏ దారిన నడుస్తాయో, ఏ నీళ్ళు తాగుతాయో, మా ఇళ్ళ మీద పొద్దుటి ఎండ ఎన్నింటికి పడుతుందో, అసలు పడుతుందో లేదో నోటీసులో లేదు.

ఆ సాయంత్రం అత్త కాళ్ళకి మందు రాయించుకుంటూ ఉంటే మాస్టారు వచ్చారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మా వీధిలో సగంమంది చెవులు ఆయన మెలేసినవే.

"తొందరపడకండి. మనం రాద్దాం," అన్నారు. "రాస్తే చదువుతారు. చదివితే అర్థమవుతుంది. అర్థమైతే ఆపుతారు."

లెక్క విడమర్చినట్టు మూడు మెట్లలో చెప్పేశారు. మేం నమ్మాం.

మాస్టారు రాసిన అర్జీ ఎంత చక్కగా ఉందంటే ప్రెస్సులో మా ప్రూఫు రీడరు ఒక్క అక్షరం దిద్దలేకపోయాడు. దాన్ని పట్టుకుని ఆయనా నేనూ తిరగడం మొదలుపెట్టాం. పురపాలక కార్యాలయంలో, స్థలం సంగతి మా పరిధి కాదన్నారు. స్థలాల ఆఫీసులో, మీరు మాట్లాడేది కాలువ గురించి కదా, కాలువల విభాగానికి వెళ్ళండన్నారు. కాలువల ఇంజనీరు సెలవు మీద ఉన్నాడు. సెలవు నుంచి వచ్చాక మీటింగులో ఉన్నాడు. మీటింగు నుంచి వచ్చాక అర్జీ చూసి, "కాలువ పూడ్చినట్టు మా రికార్డుల్లో లేదే," అన్నాడు.

"రికార్డులో ఉండదు సార్. నేల మీద ఉంది. వచ్చి చూడండి," అన్నాను.

"చూడాలంటే రికార్డులో ఉండాలి కదయ్యా," అన్నాడు.

ఆ పూటల్లో నాకు పని పోయేది. మాస్టారికి మోకాళ్ళు పోయేవి. ఇంటికి వస్తే వెనక లారీ చప్పుడు. మేం ఒక ఆఫీసు మెట్లు ఎక్కి దిగేలోపు వాళ్ళు ఇరవై లారీల మట్టి దింపేవాళ్ళు. అరిచే మనిషితో పోట్లాడొచ్చు. కుర్చీలో వెనక్కి వాలి, "చూద్దాం," అనేవాడితో ఎలా పోట్లాడతాం? బస్సులో కిటికీ ఊచ పట్టుకుని పళ్ళు కొరుక్కోవడం తప్ప.

ఎట్టకేలకి ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు. ఒక ఫంక్షను హాల్లో, పనిరోజు, పదకొండింటికి. ఆ వేళకి కూలికి పోయేవాడెవడూ రాలేడు. అయినా ఒక పూట పని మానుకుని నూట అరవైమంది దాకా వచ్చాం. గుమ్మంలో బల్ల. బల్ల మీద కాగితాలు. ఒక అమ్మాయి, "హాజరు పట్టికండీ. పేరు రాసి సంతకం పెట్టి లోపలికి వెళ్ళండి," అంది. మొదటి సంతకం మాస్టారు పెట్టారు. ఆయన వెనక వరసగా అందరం పెట్టాం.

లోపల తెర మీద బొమ్మలు. మా బీడులో పచ్చిక, ఫౌంటెను, సైకిలు తొక్కుతున్న ఆడపిల్ల. నవ్వుల సారు ముప్పావుగంట మాట్లాడాడు. తర్వాత మాకు మనిషికి రెండు నిమిషాలు ఇచ్చారు. మా బావ ఆటో నడుపుతాడు. దారి గురించి ఎత్తుకోగానే రెండు నిమిషాలయ్యాయన్నారు. మూడో వీధిలో అద్దెకుంటున్న టైలరమ్మ లేచి, "ఆ బొమ్మలో మా ఇళ్ళేవి? మా ఇళ్ళున్న చోట చెట్లు గీశారేంటి?" అంది. విచారణాధికారి తల ఎత్తకుండా, "అది ఊహాచిత్రం," అన్నాడు. మాస్టారు కాలువ లెక్క చెప్పబోయారు. ఎంత వాన పడితే ఎన్ని నీళ్ళు, ఎంత వాలు, ఎంత సేపు. సగంలో మైకు ఆగిపోయింది. ఆయన ఆగలేదు. మైకు లేకుండానే, క్లాసులో చెప్పినట్టు గొంతెత్తి చెప్పారు. అధికారి గడియారం చూసుకుంటూ విన్నాడు.

"మీ అభిప్రాయాలన్నీ నమోదు చేసుకున్నాం," అని లేచాడు.

నెల తిరక్కుండా అనుమతి వచ్చింది.

మాస్టారు పట్టు విడవకుండా దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి ఫైలు చూసే వీలు సంపాదించారు. నన్ను తోడు తీసుకెళ్ళారు. కిటికీ పక్కన స్టూలేసి, ఫైలు ముందు పడేసి, గుమాస్తా ఎదురుగా కూర్చున్నాడు. తిప్పుతూ పోయాం. ఒక చోట మాస్టారి వేలు ఆగింది. శుభ్రంగా అచ్చేసిన కాగితం. దాని మీద, "ప్రాజెక్టుకు సమ్మతి తెలిపిన స్థానికులు," అని ఉంది. దాని కింద మా సంతకాలు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"వరస సంఖ్య చూడు. ఇరవై ఒకటి నుంచి మొదలైంది. నా సంతకం ఏది?"

నేను కాగితాల అంచు చూశాను. నాకు చదువు తక్కువ గానీ కాగితం తెలుసు. సంతకాల కాగితాలన్నిటికీ పై మూలన రెండేసి జతల పిన్ను రంధ్రాలున్నాయి. ఒక జత పాతది. పైన ఉన్న అచ్చు కాగితానికి ఒక్క జతే ఉంది.

"మాస్టారూ, ఇవి ఒకసారి విప్పి మళ్ళీ కొట్టినవి. మొదటి పేజీ, హాజరు పట్టిక అని ఉన్నది, పీకేశారు. దాని బదులు ఇది పెట్టారు."

గుమాస్తా ఫైలు లాక్కున్నాడు. లోపల్నుంచి అధికారి వచ్చాడు.

"ఏంటి గొడవ? ఏం చేస్తుంటావ్ నువ్వు?"

"బైండర్ని సార్. ఈ కాగితాలు..."

"అయితే వెళ్ళి బైండింగు చేసుకో. రంధ్రాలు చూసి ప్రభుత్వాన్ని తప్పుపడతావా?"

బయటికి వచ్చాక మాస్టారు ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయారు. ఎండ మాడు మీద కొడుతోంది. లేవండి మాస్టారూ అంటే లేవలేదు. కూర్చునే అన్నారు:

"లెక్క తప్పు చేసినవాడికి దిద్ది చూపించొచ్చురా. తెలిసి తప్పు రాసేవాడికి ఏం చూపిస్తాం?"

ఆయన అంత చిన్నగా కనపడటం అదే మొదటిసారి.

ఆదివారం కుళాయి దగ్గర మీటింగు పెట్టాం. సంతకాల సంగతి నేను చెప్పాను. అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"నిజం చెప్తున్నా, నాకు వాళ్ళు రావడమే మేలు," అన్నాడు కిరాణా కొట్టాయన. "ఆరువందల కాపురాలంటే బేరం. ఇళ్ళ రేట్లు కూడా పెరుగుతాయి."

టైలరమ్మ విసురుగా లేచింది. "మీ గోడలకి రేటొస్తే మా సామాను రోడ్డు మీదకొస్తుంది. అద్దెకుండేవాళ్ళం వీధిలో సగం మందిమి. మమ్మల్ని మనుషుల్లో లెక్కేశారా?"

"అయినా ఆ ఆరువందల కాపురాలు నీ కొట్టుకొస్తాయా?" అంది ఆయమ్మ. "వాళ్ళ కొట్టు వాళ్ళ గేటు లోపలే పెట్టుకుంటారు. నువ్వు గేటు బయట కాపలావాడికి బీడీలు అమ్ముకోవాలి."

నవ్వారు. కొట్టాయన నవ్వలేదు. నవ్వులు అణిగాక మా బావ అరిచాడు. ఆ రోజు ఆటో గుంటలో పడి యాక్సిలు విరిగింది. లారీలు తొక్కి చేసిన గుంట అది.

"మాటలు చాలు. మట్టి పోసేదెవరు? ఆ రేకుల షెడ్లలో ఉన్నవాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన నెత్తిన కూర్చున్నారు. ముందు ఆ షెడ్లు పీకుదాం పదండి!"

ఒక ముప్పైమంది లేచారు. నేనూ లేచాను. దాచడం దేనికి? అన్ని నెలల కసి ఎవరో ఒకరి మీద తీర్చుకోవాలనిపించింది. ఆఫీసులో అధికారి మీదకి లేవని చెయ్యి రేకుల షెడ్డు మీదకి సులువుగా లేచింది.

షెడ్లు బీడులో అన్నిటికన్నా పల్లంలో ఉన్నాయి. పదిహేడు గదులు, రేకు గోడలు, గోనెపట్టా తలుపులు. సెలవురోజు కాబట్టి జనం బట్టలు ఉతుక్కుంటున్నారు. మమ్మల్ని చూసి సెంట్రింగు మేస్త్రి ఎదురొచ్చాడు. బక్కపల్చటి మనిషి.

"మా కాలువ పూడ్చింది మీరేగా!" అన్నాడు బావ.

"మేమే పూడ్చాం."

"సిగ్గులేదూ చెప్పడానికి?"

"ఉంది. పూడ్చమన్నదెవరన్నా? వాళ్ళింటికి ఇలా ముప్పైమంది వెళ్ళారా ఎప్పుడన్నా? ఇక్కడికొచ్చారు. మా గదులకి తలుపుల్లేవు కాబట్టి."

బావ చేతికందిన రేకు పట్టుకుని గుంజాడు. లోపల పడుకున్న ముసలాయన లేచి కూర్చున్నాడు. రాడ్లు వంచే పని ఆయనది. షెడ్లలో అందరూ తాత అంటారు. గుంజిన రేకు వైపు, బావ వైపు చూసి, "మెల్లగా లాగు నాయనా. దాని వెనకే కరెంటు వైరుంది," అన్నాడు.

అప్పటికి ఆయమ్మ మా వెనకే వచ్చింది. బావ చేతి మీద ఒక్కటి వేసింది.

"వదలరా. నీ ఇంటి గోడ ఇలా లాగితే ఊరుకుంటావా?"

మేస్త్రి భార్య తడి బట్టలు భుజానేసుకుని ముందుకొచ్చింది. "అమ్మా, ఇక్కడ కట్టే ఇళ్ళలో మాకొక్క గదన్నా ఉందనుకుంటున్నారా? ఆఖరి గోడకి రంగేసిన రోజే ఈ రేకులు మా నెత్తినెట్టి ఇంకో చోటికి తోలతారు. మీకైనా పోవడానికి ఆఫీసులున్నాయి. మేం ఎవర్నడగాలి?"

తలలు దించుకుని తిరిగొచ్చాం. బావ దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ఆయమ్మ మాత్రం మర్నాటి నుంచి అడ్డదారిన వస్తూ షెడ్ల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. ఒకరికి కట్టు కట్టేది, ఒకరికి జ్వరం చూసేది.

వాన గురువారం మధ్యాహ్నం పడింది. పెద్ద వానేం కాదు. మామూలప్పుడైతే కాలువ గంటలో మింగేసేది. ఆ రోజు నీళ్ళు కాలువ దాకా వెళ్ళి, మట్టికి కొట్టుకుని వెనక్కి తిరిగాయి. మా ఇళ్ళలోకి అడుగు లోతున వచ్చాయి. మంచాల మీద పరుపులు, పరుపుల మీద పొయ్యిలు. మురుగు వాసన. మేం చీపుళ్ళతో, బకెట్లతో తోడుతుంటే షెడ్ల వైపు నుంచి కేక వినబడింది.

అక్కడ మోకాలి పైకి వచ్చాయి. వైరు తెగి నీళ్ళలో పడింది. తాత చాప తీసుకుందామని చెయ్యి పెట్టి, మళ్ళీ లేవలేదు.

మేం వెళ్ళేసరికి నవ్వుల సారు అక్కడే ఉన్నాడు. వ్యాను కూడా వచ్చేసింది. దాన్లోకి తాతని ఎక్కిస్తున్నారు.

"గుండెపోటు. పెద్దవయసు కదా," అన్నాడాయన. "కంపెనీయే సొంతూరికి చేరుస్తుంది."

ఆయమ్మ వ్యాను తలుపు పట్టుకుంది. తాత కుడిచెయ్యి తీసి అరచెయ్యి విప్పింది. మధ్యలో నల్లగా కాలిన గుంట.

"నేను ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రిలో చేస్తున్నాను. గుండెపోటుకి చెయ్యి కాలదు," అంది. "ఈయన ఊరికి కాదు, పోస్టుమార్టానికి వెళ్తాడు. వ్యాను ఎలా కదులుతుందో చూస్తా."

వెళ్ళి బండి ముందు నీళ్ళలో కూర్చుంది. ఆమె పక్కన మేస్త్రి భార్య కూర్చుంది. టైలరమ్మ కూర్చుంది. నేను కూర్చున్నాను. అంతసేపూ దూరంగా నిలబడ్డ బావ, నాలుగు రోజుల కింద తను గుంజిన రేకు వైపు చూస్తూ ఏడ్చాడు. తర్వాత వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. మొదటిసారి నవ్వుల సారు మొహంలో నవ్వు పోయింది. వ్యాను ఆస్పత్రికే వెళ్ళింది. కరెంటు షాకుతో పోయాడని డాక్టరు రాసిచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే మేస్త్రి మా కుళాయి దగ్గరికొచ్చాడు. వెనక షెడ్ల జనం అంతా ఉన్నారు. భుజాల మీద పారలు.

"మేం పూడ్చాం. మేమే తీస్తాం. పక్కన నిలబడతారా?" అన్నాడు.

నేను మాస్టారి వైపు చూశాను. అందరం ఆయన వైపే చూశాం. ఆయన వద్దంటారనుకున్నాను. అర్జీ రాద్దాం అంటారనుకున్నాను.

మాస్టారు చొక్కా చేతులు మడిచారు. "వాలు ఎటుందో నాకు తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో చూపిస్తాను," అన్నారు.

అలాంటి రోజు నా జన్మలో మళ్ళీ చూస్తానో లేదో. దాదాపు మూడువందలమంది. పారలు లేనివాళ్ళు తట్టలు పట్టారు, తట్టలు లేనివాళ్ళు ప్లాస్టిక్కు బకెట్లు పట్టారు. టైలరమ్మ పాత దుప్పటి నాలుగు మూలలూ కట్టి నలుగురితో మట్టి మోయించింది. ఎలా తవ్వాలో మాకు చేతకాకపోతే షెడ్ల ఆడవాళ్ళు చూపించారు. "నడుంతో కాదన్నా, కాలితో నొక్కు," అని మేస్త్రి భార్య నన్ను పదిసార్లు తిట్టింది. కిరాణా కొట్టాయన కూడా కొట్టు మూసి వచ్చాడు. అతని బియ్యం బస్తాలు ఆరు నానిపోయాయి. ఒంటిగంటకి మట్టి కట్ట తెగింది. నిలవ నీళ్ళు ఒక్క ఊపుతో కాలువలో పడ్డాయి. అరుపులు మిన్నంటాయి.

అరుపులు ఆగకముందే పోలీసులొచ్చారు. రెండు వ్యాన్లు.

"ఎవరు తవ్వమన్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వాన," అంది ఆయమ్మ.

"వెటకారాలొద్దు. కంపెనీ స్థలంలోకి జొరబడి నష్టం చేశారని ఫిర్యాదు ఉంది. నాయకుడెవడు?"

మాస్టారు బురద చేతులు లుంగీకి తుడుచుకుని ముందుకొచ్చారు. "తప్పుడు కాగితం మీద ఇచ్చిన అనుమతి అది. నేను తొమ్మిది అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికీ మీరు రాలేదు. ఒక్క ఫిర్యాదుకి రెండు వ్యాన్లేసుకొచ్చారు. మీ లెక్క నాకిప్పుడు అర్థమైంది."

ఆయన్నీ, మేస్త్రినీ వ్యానెక్కించారు. డెబ్భై ఏళ్ళ మనిషిని మెడ మీద చెయ్యేసి నెట్టారు. మేం వ్యానుకి అడ్డం పడితే లాఠీలు లేచాయి. నా ఎడమ మణికట్టు విరిగింది. బైండరుకి ఎడమ చెయ్యే కాగితం పట్టేది. నాలుగు నెలలు పని లేకుండా కూర్చున్నాను.

మర్నాడు సైటులో ఒక్క రాడ్డు వంగలేదు. తాత చావుకి కేసు పెట్టేదాకా, మేస్త్రి బయటికొచ్చేదాకా పని ముట్టమన్నారు కూలీలు. మూడో రోజు కంపెనీ షెడ్ల రేకులు ఊడదీయించింది. పదిహేడు కుటుంబాలు సామానుతో బీడులో నిలబడ్డాయి. ఆయమ్మ వెళ్ళి, "పదండి," అంది. ఎవర్నీ అడగలేదు. అడిగితే ఎంతమంది ఒప్పుకునేవారో చెప్పలేను. ఒక కుటుంబం టైలరమ్మ మిషను గదిలో, ఒకటి మా వంటగదిలో, రెండు మాస్టారి వరండాలో సర్దుకున్నాయి. కుళాయి దగ్గర పోట్లాటలు రెట్టింపయ్యాయి. మా ఆవిడ రోజూ నా మీద విసుక్కునేది. బావ రోజుకోసారి, "ఇంకెన్నాళ్ళు?" అనేవాడు. అంటూనే వాళ్ళ పిల్లల్ని ఆటోలో బడికి దింపేవాడు. సుఖంగా కలిసిపోయామని రాస్తే అబద్ధమవుతుంది. విసుక్కుంటూనే ఒకరినొకరు వదల్లేదు.

మాస్టారూ మేస్త్రీ పదకొండు రోజులు జైల్లో ఉన్నారు. బయటికొచ్చిన రోజు జైలు గేటు దగ్గర వీధి మొత్తం ఉంది, షెడ్ల జనంతో సహా. మాస్టారు బాగా చిక్కిపోయారు. గేటు దాటగానే అడిగిన మొదటి మాట, "కాలువ పారుతోందా?"

"పారుతోంది మాస్టారూ."

"ఆ అనుమతి మీద కేసు వేద్దాం. పిన్ను రంధ్రాల సంగతి నువ్వు కోర్టులో చెప్పాలి. సిద్ధంగా ఉండు."

చెప్పాను. కట్టు చేత్తో ఆ కాగితాలు పట్టుకుని జడ్జి ముందు చెప్పాను. పని తాత్కాలికంగా ఆపమని ఉత్తర్వు వచ్చింది. తాత్కాలికంగానే. అనుమతి రద్దు కాలేదు. తాత చావు మీద కేసు ఇంకా నడుస్తోంది. మా మీద కేసు దానికన్నా వేగంగా నడుస్తోంది. నవ్వుల సారు అప్పుడప్పుడూ కారులో వచ్చి బీడు చూసి వెళ్తుంటాడు. మళ్ళీ నవ్వుతున్నాడు.

పని ఆగిన చోట కూలీలకి బతుకు లేదు. మేస్త్రీ, అతని మనుషులూ ఊరి అవతల ఇంకో సైటుకి వెళ్ళిపోయారు. వెళ్ళిన మూడు వారాలకి మేస్త్రి ఫోను చేశాడు.

"అన్నా, ఇక్కడ బడి గోడని ఆనుకుని పునాది తవ్విస్తున్నారు. గోడ బీటలిచ్చింది. లోపల పిల్లలున్నారు. మేం పని ఆపేశాం. కానీ వీధివాళ్ళు మా మీదకే కర్రలు పట్టుకొచ్చారు. వాళ్ళకి ఎలా చెప్పాలో మాకు తెలియడం లేదు. ఆయమ్మని తీసుకురా."

ఆదివారం నలభైమందిమి వెళ్ళాం. బావ ఆటోలో మాస్టారు, మిగతావాళ్ళం బస్సులో. వెళ్ళేసరికి గోడకి ఒక పక్క వీధి జనం, ఒక పక్క కూలీలు మొహాలు ముడుచుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో కొత్త నోటీసు. మాస్టారు దాని దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, అందరికీ వినపడేలా పైకి చదవడం మొదలుపెట్టారు. కర్రలు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. తర్వాత కూలీలు జరిగారు.

చదవడం సగంలో ఉండగా జీపొచ్చింది. దిగిన ఎస్సై మమ్మల్ని పైకీ కిందకీ చూశాడు.

"మీరు ఈ వీధివాళ్ళు కాదు కదా? ఇక్కడ మీకేం పని?"

ఆయమ్మ కొంగు నడుముకి దోపింది.

"చాలా పనుంది. పక్కకి జరుగు," అంది.